కరోనా కాలంలో కంటి డాక్టర్ల శిక్షణ
(పెన్షనర్ల వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంటి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ముప్పై ఏళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసిన సంగతే చెబుతాను. శుక్లం ఆపరేషన్ పుస్తకం చదివితే రాదు. పీజీ విద్యార్థికి పెద్ద డాక్టరుగారు మొదట కోత ఒక్కటే ఇస్తారు. అది కుదిరాక పైపొర తెరవడం, ఆ తర్వాతే శుక్లం తీయడం. వెనకపొర వెంట్రుక కంటే ఎంతో పల్చన. అది చిరిగిందా, అందరికీ చెమటలే! చేయి తిరగాలంటే రోగుల వెంట రోగులు రావాలి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. అత్యవసరం కాని ఆపరేషన్లు ఆగాయి. కంటి శిబిరాలు లేవు, బస్సులు లేవు. ఎందరో పీజీలను కోవిడ్ డ్యూటీలకు పంపారు. మూడేళ్ల చదువులో నెలలకు నెలలు అలా పోయాయి. పాఠాలు ఫోన్లో విన్నారు. మేక కళ్ల మీద, సిమ్యులేటర్ల మీద సాధన చేసినవారూ ఉన్నారు. మంచిదే. కానీ మేక కన్ను "అమ్మో" అని కదలదు కదా!

ఈలోగా శుక్లాలు ముదిరాయి. మావారిదీ అంతే. ముదిరినదాన్ని నేర్చుకునేవారి చేతికి ఎలా ఇస్తారు?

2021 చివర్లో ఆయన రెండో కంటికి వెళ్లాం. పక్కన 2019లో చేరిన పీజీ అమ్మాయి. "ఈ పిల్ల చేస్తుందా?" అన్నారీయన. "పెద్ద డాక్టరుగారు పక్కనే ఉంటారండీ, కోత వరకైనా చేయనివ్వండి" అన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి చేతులు మొదట్లో కాస్త వణికాయట.

ఆ కంటితోనే ఆయన ఇప్పుడు మన పత్రిక చదువుతున్నారు.