శీతకాలపు ఆట - ఆడుపిల్లల స్నేహము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక పల్లెలో గ్రంథాలయమును నిలుపుట సామాన్యమైన పని కాదు. బీరువాలకు చెదలు పట్టకుండ, చందాలు ఆగిపోకుండ, సాయంకాలము దీపము ఆరిపోకుండ కాపాడినవారి శ్రమ మీకందరకును తెలిసినదే. ఈ సందర్భమున నన్ను మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, కళాశాలలలో ఫుట్‌బాల్ ఆడు బాలికలను గూర్చియు, వారి స్నేహమును గూర్చియు మాట్లాడెదనంటిని. గ్రంథాలయ సభలో బంతియాట ప్రసక్తి యేమని కొందరికి తోచవచ్చును. ఇచ్చట పుస్తకము చదివిన బాలిక తరువాత ఎచ్చటికి పోవుచున్నది, ఎవరి తోడుతో పోవుచున్నది అను ప్రశ్న గ్రంథాలయమునకు సంబంధించినదే యని నా మనవి.

మన గోదావరి డెల్టాలో శీతకాలమునకు ఒక ప్రత్యేకమైన శోభ కలదు. సార్వా కోతలు ముగిసి, ధాన్యము ఇల్లు చేరి, దాళ్వా నారుమళ్ళు పచ్చబడుచుండును. కాలువగట్లపై మంచు తెల్లవారిన చాలసేపటివరకు విడిపోదు. ధనుర్మాసము వచ్చినదనిన బాలికలు చీకటితోనే లేచి, కల్లాపి చల్లి, ముగ్గులు తీర్చి, గొబ్బెమ్మల నుంచి, ఒకరి వాకిటినుండి మరియొకరి వాకిటికి పోయి గొబ్బి తట్టుదురు. ఒకతె తప్పించిన చుక్కను మరియొకతె సరిచేయును. పాట మరచినదానికి ప్రక్కనున్నది అందించును. ఇది మన యాడుపిల్లల ప్రాచీనమైన జట్టు. కాని దీని ఆయుర్దాయము స్వల్పము. సంక్రాంతితో ఆ యేటి గొబ్బి ముగియును. వివాహముతో శాశ్వతముగనే ముగియును.

మగవాని బాల్యస్నేహము రచ్చబండపైనను, టీకొట్టు బల్లపైనను వృద్ధాప్యము వరకు నిలుచును. ఆడుపిల్ల విషయమట్లు గాదు. శుభలేఖ అచ్చయినంతనే ఆమె యొక వూరికి, స్నేహితురాలు వేరొక వూరికి. మన సమాజము అక్కకు, వదినకు, తోడికోడలికి, వియ్యపురాలికి పీట వేసినది. స్త్రీకి స్నేహితురాలైన స్త్రీకి మాత్రము పీట వేయలేదు. కళాశాల ఆటజట్టు ఆ లోపమును కొంత తీర్చుచున్నది. ఆ స్నేహమును కళాశాలతో తెగిపోనీయకుండుట మన బాధ్యత యని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

ఈ యాటను చూడనివారి కొరకు రెండు మాటలు. మైదానము నూరు మీటర్లకు పైగా పొడవు. ఒక్కొక్క వైపున పదునొకండుగురు. బంతి బరువు 410 మొదలు 450 గ్రాములు. ఆట కాలము తొంబది నిమిషములు. గోల్‌కీపరు తప్ప మరెవ్వరును బంతిని చేతితో తాకరాదు. ఎంత నేర్పరియైనను బంతిని ఒంటరిగా చాలసేపు నిలుపుకొనజాలదు, ఎవరికో అందింపవలసినదే. ఎవరికి అందింతునా యని తలయెత్తి వెదకులోపల ప్రతిపక్షము మీద పడును. కావున తోడియాటగత్తె ఏ వైపునకు పరుగెత్తునో, ఏ కాలితో బంతిని చక్కగా అందుకొనునో ముందుగనే యెరిగియుండవలెను. ఈ యెరుక ఒక్కనాటిలో కలుగదు. నెలల తరబడి ఒకే మైదానమున, ఒకే చలిలో, ఒకరినొకరు గమనించుటవలన కలుగును. బంతి అందించునప్పుడు కులగోత్రములు విచారించుటకు వ్యవధి యుండదు. కాలక్రమమున ఆ విచారణ చేయు అలవాటే సన్నగిల్లును.

లంకలనుండియు, కాలువ క్రింది పల్లెలనుండియు బాలికలు రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము కళాశాలలకు వచ్చుచున్నారు. జట్టులో చేరిన బాలిక సూర్యోదయమునకు ముందే మైదానమునకు రావలెను. మంచుకు గడ్డి తడిసి, మేజోళ్ళు నీరు పట్టును. మన రేగడినేల తడిసినచో బూటుకు అంటుకొని వదలదు. పరుగెత్తువారికి కొంతసేపటికి ఒళ్ళు వేడెక్కును. గోలు ముందు నిలిచిన బాలికకు మాత్రము చలి తగ్గదు. ఆమె అక్కడనుండి కేకవేసి అందరను హెచ్చరించుచుండును. బంతి ఆమెను దాటిపోయినప్పుడు తప్పు అందరికంటికిని కనబడును. అప్పుడు ముందుగా ఆమె భుజముపై చేయివేయునది ఎవరో ఆమె జీవితాంతము మరువదు.

ఈ స్నేహములో అసూయలు లేవని నేననను. ఒకే స్థానమునకు ఇద్దరు స్నేహితురాండ్రు పోటీపడుదురు. ఒకతె ఆడును, రెండవది బల్లపై కూర్చుండును. కూర్చున్నది ఆడుదాని స్వెట్టరును ఒడిలో పెట్టుకొని, విరామమున మంచినీళ్ళు అందించినదా, ఆ స్నేహము పరీక్షకు నిలిచినట్లే. ఒంట్లో బాగులేనినాడు తల్లికి చెప్పుటకు సంకోచించు మాటను బాలిక తోడియాటగత్తెకు చెప్పుకొనును. చదువు మానిపించెదరను భయమును, ఇంటి అప్పుల సంగతియు అట్లే చెప్పుకొనును. విని, మరియొకరి చెవిని వేయకుండుట యన్నది కూడ జట్టు నేర్పు విద్యయే.

స్త్రీల జట్టు స్నేహమెంత గట్టిదో చరిత్రలో ఒక నిదర్శనము కలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణమున డిక్, కెర్ అను కర్మాగారమునందు పనిచేయు స్త్రీలు జట్టుగా ఏర్పడి, 1917 డిసెంబరు 25వ తేదీన, గాయపడిన సైనికుల వైద్యశాల సహాయార్థము మొదటి పెద్ద ఆట ఆడిరి. 1920 డిసెంబరు 16వ తేదీ రాత్రి, సైన్యమువారి సెర్చిలైట్ల వెలుగులో, కనబడుటకై సున్నము వేసిన బంతితో ఆడిరి. అదే నెల 26వ తేదీన లివర్‌పూల్ నగరమున వారి ఆట చూచుటకు 53,000 మంది వచ్చిరి. మరుసటి సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, ఈ యాట స్త్రీలకు తగదని తీర్మానించి, అచ్చటి ఫుట్‌బాల్ సంఘమువారు తమ క్లబ్బుల మైదానములను వారికి నిషేధించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నిలిచినది. ఆ స్త్రీలు మాత్రము జట్టును వదలలేదు. దొరికిన మైదానములందు ఆడుచునే యుండిరి. వారిలో ప్రసిద్ధురాలైన లిల్లీ పార్, మరికొందరు తోడియాటగత్తెలు ఒకే వైద్యశాలలో నర్సులుగా చేరిరి. ఆ జట్టు 1965 వరకు నడచినది. మైదానమును తీసివేయగలిగినవారు స్నేహమును తీసివేయలేకపోయిరి.

మన దేశమున 1975లో స్త్రీల ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది. 1979వ సంవత్సరపు ఆసియా పోటీలు కాలికట్టులో జరుగగా మన స్త్రీలు రెండవ స్థానము పొందిరి. 1983లో బాంగ్‌కాక్‌లో మరల రెండవ స్థానము పొందిరి. ఆ 1983వ సంవత్సరముననే శాంతి మల్లిక్ అర్జున పురస్కారము నందుకొనెను. మన తెలుగువారిలో నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య దేశపు జట్టులో స్థానము సంపాదించి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టులో చేరెను. ఆ సంవత్సరమే మధ్యప్రదేశమునకు చెందిన జ్యోతి చౌహాన్ కూడ ఆ జట్టులోనే చేరెను. పరదేశపు చలిలో, భాష తెలియనిచోట, తోడియాటగత్తె యొకతె ప్రక్కనుండుట ఎంత ధైర్యమో ఊహించుకొనుడు.

అదే 2022 జనవరిలో మన దేశమున ఆసియా కప్పు ఆరంభమైనది. మన జట్టు ఇరాన్‌తో సరిసమానముగా ఆడిన పిమ్మట కోవిడ్ వ్యాధి జట్టులో ప్రవేశించెను. 23వ తేదీన చైనీస్ తైపీతో ఆడుటకు కావలసిన పదుమూడుగురు ఆరోగ్యవంతులు లేక, మన జట్టు పోటీనుండి తప్పుకొనవలసివచ్చెను. ఆరోగ్యముగా నున్నవారు కూడ ఆ రోజు ఆడలేకపోయిరి. జట్టన్న అర్థమిదియే: ఒకతె జ్వరము అందరి జ్వరము. మూడున్నర సంవత్సరముల పిమ్మట, 2025 జులై 5వ తేదీన మన స్త్రీలు థాయిలాండును వారి దేశముననే 2-1 గోళ్ళతో ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించిరి.

తల్లిదండ్రుల భయములను నేను తేలికగా తీసివేయను. దెబ్బలు తగులునందురు. నిజమే, ఈ యాటలో మోకాలి లోపలి లిగమెంటు తెగు గాయము పురుషులకంటె స్త్రీలకెక్కువయని వైద్యులు చెప్పుచున్నారు. ఆటకు ముందు క్రమబద్ధమైన వ్యాయామముతో కాళ్ళను సిద్ధపరచుకొనినచో అది చాలవరకు తగ్గునని కూడ వారే చెప్పుచున్నారు. చలికాలపు ఉదయమున ఆ పని తప్పనిసరి. బలము చాలదందురు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆ దోషము ఆటది కాదు, మన వంటింటి పంపకముది. కొడుకు కంచములోని గ్రుడ్డు కూతురి కంచములోను ఉండవలెను. ఒంటరిగా పంపలేమందురు. అందుకే జట్టు కావలెను. పదిమంది కలిసి పోవుచోట ఒక్కతెకు భయము తగ్గును.

ధవళేశ్వరమున 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికా పాఠశాల స్థాపించినప్పుడు, ఆడుపిల్లకు చదువేల యనినవారికి కొదువ లేదు. నేడు ఆ మాట ఈ డెల్టాలో ఎవరును పైకి అనజాలరు. ఆట విషయమున మాత్రము ఇంకను అనుచున్నాము. అమలాపురపు బిడ్డ సాత్విక్ సాయిరాజు బ్యాడ్మింటన్‌లో ప్రపంచఖ్యాతి పొందగా మనమందరము మా వాడని మురిసితిమి. మా పిల్ల యని మురియుటకు ముందు ఆమెకు మైదానమీయవలెను గదా!

స్థలము లేదందురా? డెల్టాలో సెంటు భూమి కూడ పంటకు వదలని మాట వాస్తవమే. కాని సంక్రాంతి మూడు దినములు కోడిపందెముల బరులకు, చట్టము నిషేధించినను, ఎకరములకొలది నేల చదునగుచున్నది, గుడారములు లేచుచున్నవి, విద్యుద్దీపములు పగటిని మరపించుచున్నవి. ఫుట్‌బాల్ మైదానమునకు రెండెకరములు చాలును. కోడికి దొరకిన నేల కూతురికి దొరకదా?

కావున ఈ గ్రంథాలయమువారికి నావి రెండు మనవులు. మొదటిది: ఉన్నతపాఠశాల మైదానమున ఉదయము ఒక గంట బాలికలకే కేటాయించునట్లు గ్రామపెద్దలను ఒప్పించి, ఒక పెద్దముత్తైదువ అచ్చట కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. రెండవది: ఏ యాటలోనైనను కళాశాల జట్టులో ఆడిన మన గ్రామపు ఆడుపడుచుల పేర్లు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. సంక్రాంతికి వారు పుట్టింటికి వచ్చుదురు. కనుమనాడు ఒక గంట, పెండ్లియైనవారిని, కానివారిని కలిపి, వారిచే ఒక ఆట ఆడించుడు. చంటిబిడ్డలను అమ్మమ్మలు ఎత్తుకొందురు. అల్లుండ్రు గట్టుమీద నిలిచి చూతురు. తొంబది నిమిషములు ఆడలేకపోయిన ముప్పది నిమిషములే ఆడనిండు. ఏడాదికొక పర్యాయము తన స్నేహితురాలు ఏ వైపునకు పరుగెత్తునో జ్ఞప్తికి తెచ్చుకొను అవకాశము ఆమెకు కలుగును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, ఆ పేర్ల పుస్తకము రెండవ సంపుటమునకు రావలెనని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.