పనికి తగిన కత్తి
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా గ్రామమునకు విజ్ఞానము పంచుచున్న గ్రంథాలయపు ఉత్సవమున కత్తులను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కమ్మరులు, గౌడ సోదరులు, రైతులు కూర్చున్న ఈ సభలో అది కమ్మరి వీధిలో సూదులమ్మినట్లును ఉండవచ్చును. అయినను ఈ విషయమునే ఎన్నుకొంటిని. ఏలయన, ఇది గ్రంథములకు ఎక్కక చేతులలోనే నిలిచిన విద్య. ఆ చేతులు విశ్రమించిననాడు విద్యయు అంతరించును.

మన ప్రాంతమునకు ఉక్కు క్రొత్త కాదు. కోరుట్ల నుండి మెట్‌పల్లి మీదుగా పడమరకు పోయినచో, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వము అచ్చట ఇనుమును మట్టిమూసలలో కరగించి ఉక్కుముద్దలు చేయుచుండిరి. పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చి వానిని కొనిపోవుచుండిరి. హెన్రీ వాయిసీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఆ విధానమును వర్ణించి వ్రాసెను. అతడు మరణించిన పిదప, 1832లో, ఆ రచన బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. డమాస్కస్ ఖడ్గములని లోకము మెచ్చినవానిలో కొన్నింటికి ఇట్టి దక్షిణదేశపు ఉక్కు మూలము.

ఆ మూసల ఉక్కు నేడు లేదు. నేటి కమ్మరి తరచుగా పాత లారీ కమాను పట్టీని కోసి కత్తి సాగగొట్టుచున్నాడు. అందు కర్బనము నూటికి సుమారు 0.6 వంతు. పదును నిలుచుటకును, దెబ్బకు ఓర్చుటకును అది చాలును. అయితే ఒకే పట్టీనుండి పుట్టిన రెండు కత్తులు ఒకే పనికి రావు. ఎఱ్ఱగా కాల్చి నీటనో నూనెలోనో ముంచిన కత్తి గట్టిపడును గాని, గాజువలె పెళుసగును. ఆ పెళుసుతనము పోవుటకు దానిని మరల కొంచెము కాచవలెను. అప్పుడు తోమిన ఉక్కుపై రంగులు ప్రాకును. ఎండుగడ్డి రంగు వచ్చునప్పటికి వేడి సుమారు 230 డిగ్రీలు. నీలిరంగునకు సుమారు 300. సన్నని కోతకత్తిని గడ్డిరంగు కడ ఆపవలెను. దెబ్బలు తినవలసిన కత్తిని నీలిరంగు దాక పోనీయవలెను. ఈ భేదమును కమ్మరి కంటితోనే కనిపెట్టును. కావున “ఒక కత్తి చేయుము” అని అడుగుట చాలదు. ఏ పనికో చెప్పవలెను.

గౌడ సోదరుని చూడుడు. తాటిగెల కొసను అతడు పొరవలె పలుచగా గీయవలెను. కత్తి మొద్దుబారినచో కొస నలిగిపోవును, కల్లు సరిగా కారదు. కావున ఆ కత్తి పలుచన, అంచు అతి వాడి. దానితోనే మట్టలు నరికినచో అంచు విరుగును. మట్టలకు వీపు దళసరియైన బరువుకత్తి వేరుగ ఉండవలెను. మోకుపై భారము మోపి చెట్టుకొనయందు నిలిచినవానికి కత్తి జారుట ప్రాణముతో చెలగాటము.

వరికోతకు కొడవలి. దాని అంచునకు కక్కులున్నచో గడ్డి జారక తెగును. కోరుట్ల, జగిత్యాల రైతులు పసుపు త్రవ్వుటకు ముందు ఆకును నేలమట్టముగ కోయుదురు. అదియు కొడవలి పనియే. చెరకును, కొమ్మలను నరుకుటకు మాత్రము కొడవలి తగదు; అచ్చట బరువే సగము పని చేయును.

వంటింటి కత్తిపీట మఱియొక తెలివి. ఇందు కత్తి కదలదు, కూరయే కదలును. రెండు చేతులును కూరను పట్టుకొనును. కాని ఊరగాయకు మామిడికాయను టెంకతో కొట్టుటకు చెక్కకు బిగించిన బరువుకత్తియే కావలెను. పులుపు ఇనుమును తినును గనుక పని ముగిసిన వెంటనే కడిగి తుడువవలెను. ప్రతిదినము పులుపు తరుగువారు తుప్పుపట్టని స్టీలుకత్తి కొనుట తప్పు కాదు. చర్మకారుని రంపెకు అంచు వెడల్పు. తోలును చెక్కుటకు దానిని ముందునకు త్రోయుదురు.

కొన్నిచోట్ల తగిన కత్తి యనగా కత్తి కాకపోవుటయే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో బీడీలు చుట్టు స్త్రీలు తునికాకును కత్తెరతోనే కొలతకు కత్తిరింతురు. సిరిసిల్ల నేతగాడు పోగు కొసను తుంచుటకును చిన్న కత్తెర చాలును.

కొనునప్పుడు మూడు చూడవలెను. మొదటిది వీపు: నరుకుటకు దళసరి, తరుగుటకు పలుచన. రెండవది అంచు: తరుగు కత్తికి ఒక్కొక్క ప్రక్క 15 నుండి 20 డిగ్రీల వాలు, నరుకు కత్తికి 25 నుండి 30. మూడవది పిడి: తుమ్మవంటి గట్టికఱ్ఱ, కదలని పొన్ను, పిడికిలికి సరిపడు లావు. మొద్దుకత్తి అపాయము లేనిదనుకొనుట భ్రమ. దానిపై బలము ఎక్కువ మోపుదుము, అది జారినప్పుడు గాయమును ఎక్కువే.

ఇప్పుడు గ్రంథాలయమునకు నా విన్నపము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషివలన మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయ పదములు 1962లోను, చేనేత పదములు 1971లోను గ్రంథస్థమయినవి. మన ఊరి కొలిమి మాటలను వ్రాయుటకు మనమే పూనుకొనవలెను. ఒక లెక్కల పుస్తకము తెరువుడు. కత్తి బొమ్మ గీసి, దాని పేరు, చేయు పని, కాచిన రంగు, పిడికఱ్ఱ వ్రాయుడు. విద్యార్థులు వారమునకొక కమ్మరినో, గౌడనో, చర్మకారునో అడిగి తెలిసికొనవచ్చును. వ్రాసినంత మాత్రమున కొలిమి మండదు. దానికి మన కొనుగోలు కావలెను. పని చెప్పి చేయించుకొనువాడు ఉన్ననే, పని తెలిసి చేయువాడు నిలుచును.