టోకు బజారులో కనీస పరిమాణం – చిన్న చేతివృత్తుల హక్కు



మైనారిటీ హక్కుల సభలలో మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, విద్య గురించి, భద్రత గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమే. అయితే నేడు మేము ఎంచుకున్న విషయం టోకు దుకాణంలో ప్రతిరోజూ వినిపించే ఒక చిన్న మాట. “ఇంతకు తక్కువైతే ఇవ్వము” అన్నదే ఆ మాట. వ్యాపారులు దానిని మినిమం ఆర్డర్ అంటారు. అంటే టోకు ధర దక్కాలంటే కొనవలసిన కనీస పరిమాణం. గుడ్డ అయితే పూర్తి తాను, లక్క అయితే బస్తా, రాళ్ళు, పూసలు అయితే పెట్టె. ఇంట్లో కూర్చొని బుర్ఖాలు కుట్టే సోదరికి, లక్క గాజులకు రాళ్ళు పొదిగే తల్లికి, జర్దోజీ పనివానికి ఈ మాట బజారు గుమ్మం దగ్గరే అడ్డుపడుతున్నది.

ముందుగా న్యాయంగా ఒక మాట చెప్పాలి. కనీస పరిమాణం అనే షరతు తనంతట తాను అన్యాయం కాదు. మిల్లులో ఒక రంగు అద్దాలంటే తొట్టి నిండా నూలో గుడ్డో పడాలి. పది మీటర్లకైనా వెయ్యి మీటర్లకైనా రంగు కలిపే శ్రమ, యంత్రం కడిగే ఖర్చు దాదాపు ఒకటే. టోకు వర్తకునికి కూడా బిల్లు వ్రాయడం, మూట కట్టడం, లారీకి ఎక్కించడం చిన్న బేరానికీ పెద్ద బేరానికీ ఒకే విధమైన పని. ఆ ఖర్చు ఎక్కువ సరుకు మీద పరచుకుంటే మీటరు ధర తగ్గుతుంది. ఇది వర్తక ధర్మమే. దీనిని మేము తప్పుపట్టడం లేదు. అయితే ఈ ధర్మం చేతిలో పెట్టుబడి ఉన్నవానికి మేలు చేసి, లేనివానిమీద అదనపు భారం మోపుతున్నదని గుర్తించాలి.

ఒక లెక్క చూద్దాము. ఈ అంకెలు విషయం అర్థం కావడానికి మేము వేసుకున్నవి మాత్రమే. బజారు ధరలు మారుతూ ఉంటాయి. బుర్ఖా గుడ్డ 100 మీటర్ల తాను కొంటే మీటరు 110 రూపాయలు, చిల్లరగా కొంటే 150 రూపాయలు అనుకుందాము. ఒక బుర్ఖాకు 5 మీటర్లు పడుతుందనుకుంటే, చిల్లరగా కొన్న సోదరి ప్రతి బుర్ఖా మీద 200 రూపాయలు అదనంగా చెల్లిస్తున్నది. రాత్రి పొద్దుపోయేదాకా మిషను మీద వంగి సంపాదించే కూలిలో ఎంత భాగం ఈ తేడాకే పోతున్నదో ఇక్కడున్న అక్కలకు మేము చెప్పనవసరం లేదు.

“అప్పుచేసి తాను కొనవచ్చు కదా” అని కొందరు సలహా ఇస్తారు. ఆ లెక్క కూడా చూద్దాము. తానుకు 11,000 రూపాయలు కావాలి. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ గుడ్డ కుట్టి అమ్మి అసలు తీర్చేసరికి 4 నెలలు పట్టిందనుకుందాము. వడ్డీ 2,200. ఈలోగా వాడుక మారి 25 మీటర్లు మిగిలిపోయాయి. దాని విలువ 2,750. వాడిన 75 మీటర్ల మీద మిగిలింది 3,000. వడ్డీ, మిగులు గుడ్డ కలిపి పోయింది 4,950. అంటే “చౌకగా” కొన్న సోదరి 1,950 రూపాయలు నష్టపోయింది. వడ్డీ పాపభారం మనస్సు మీద వేరే ఉన్నది. కనుక అవసరానికి మించి కొనడం, అందుకు అప్పుచేయడం ఈ సమస్యకు పరిష్కారం కాదు. అది రెండవ ఉచ్చు.

అమ్మకం వైపు కూడా ఇదే కథ. 500 జతలు కావాలని ఒక పాఠశాల అడిగితే, నెలకు 30 జతలు కుట్టగల స్త్రీ ఆ ఆర్డరు అందుకోలేదు. దళారి అందుకుంటాడు. అదే పనిని ఇరవై ఇళ్ళకు పంచి, ముక్కకు ఇంత అని తాను నిర్ణయించిన కూలి ఇస్తాడు. కొనేటప్పుడు చిల్లర ధర, అమ్మేటప్పుడు ముక్క కూలి. ఈ రెండింటి మధ్య మన చేతివృత్తుల కుటుంబాలు నలిగిపోతున్నాయి.

ఇది అందరు పేదల సమస్య కదా, ముస్లింల హక్కుల ప్రశ్న ఎట్లా అవుతుందని అడగవచ్చు. నిజమే, ఇది అందరు పేదలదీ. అయితే 2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ చెప్పిన సంగతులు గుర్తుచేసుకోవాలి. ముస్లింలలో నెలజీతపు ఉద్యోగులు తక్కువ, స్వయం ఉపాధిపై ఆధారపడినవారు ఎక్కువ. ముస్లిం స్త్రీలలో ఇంటిపట్టున పనిచేసేవారి పాలు ఎక్కువ. బ్యాంకు రుణాలలో ముస్లింల వాటా వారి జనాభాకు తగినట్లుగా లేదు. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్న సంగతిని కూడా ఆ నివేదిక ప్రస్తావించింది. కనీస పరిమాణం షరతును దాటడానికి కావలసింది పెట్టుబడి. ఆ పెట్టుబడి మన బస్తీల గుమ్మం దాకా రానప్పుడు, అందరికీ ఒకటేనని చెప్పే బజారు షరతు మనపై రెండింతలు బరువవుతుంది.

మరి ప్రభుత్వం ఏమి చేయగలదు? ఇందుకు మన కళ్ళముందే ఒక నిదర్శనం ఉన్నది. చేనేత కార్మికుడు మిల్లు అడిగినంత నూలు ఒక్కసారిగా కొనలేడని గుర్తించి, కేంద్ర ప్రభుత్వం 1983లో జాతీయ చేనేత అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. ఆ సంస్థ మిల్లులనుంచి నూలు పెద్దమొత్తంలో తీసుకొని, డిపోల ద్వారా మిల్లు ధరకు నేతన్నలకు అందించే ఏర్పాటు జరిగింది. ఆ పథకం అమలులో లోపాలు ఉండవచ్చు. కాని అందులోని సూత్రం విలువైనది. పేదవాడు కొనగలిగే పరిమాణానికి, మిల్లు అమ్మే పరిమాణానికి మధ్యనున్న గండిని పూడ్చడం రాజ్యం బాధ్యత అని అది అంగీకరించింది. మన పొరుగు నేతన్నకు లభించిన ఈ సూత్రాన్నే లక్కకు, జరీకి, కుట్టుపని గుడ్డకు కూడా వర్తింపజేయమని మేము అడుగుతున్నాము. ఇది దయ కాదు, కొత్త వింత కూడా కాదు.

లాడ్ బజారు లక్క గాజుల సంగతే తీసుకోండి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఫలం లక్క కరిగించే చేతికి, ఒక్కొక్క రాయి పొదిగే వ్రేళ్ళకు చేరాలంటే, 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఆ కార్మికులు అధీకృత వినియోగదారులుగా తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. లేకపోతే పేరు గాజుకు, లాభం మధ్యవానికి మిగులుతుంది. ఇంకొక లోపం కూడా చూడండి. 2023లో కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేర్చారు. అందులో దర్జీ ఉన్నాడు, గాజుల కార్మికుడు లేడు. ఈ లోపాన్ని సరిదిద్దమని అడగడం మన బాధ్యత.

చట్టంలో ఇప్పటికే ఉన్న ఒక ఆయుధాన్ని కూడా మనం వాడుకోవడం లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన చిన్న ఉత్పత్తిదారు నుంచి సరుకు తీసుకున్నవారు, వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులలో చెల్లించాలి. ఆలస్యమైతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. చేతికి రావలసిన సొమ్ము నెలల తరబడి దుకాణాలలో చిక్కుకుంటే, మరుసటి తాను కొనడానికి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? ఈ రెండూ ఒకే గొలుసులోని కొక్కేలు.

ప్రభుత్వాన్ని అడుగుతూనే, మన చేతుల్లో ఉన్నది మనం చేయాలి. యుద్ధయాత్రలోనో మదీనాలోనో ఆహారం కొరవడినప్పుడు, అష్అరీ తెగవారు తమ దగ్గర ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోగుచేసి, ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారని హదీసులలో ఉన్నది. దైవప్రవక్త (స) వారిని తమవారిగా చెప్పుకొని మెచ్చుకున్నారు. పది ఇళ్ళవారు కలిసి తాను కొని, మీటర్లు కొలిచి పంచుకోవడం ఆ సంప్రదాయానికి దూరమైనది కాదు. మన లెక్కలో పదిమంది తలా 1,100 రూపాయలు వేసుకుంటే వడ్డీ లేకుండా, మిగులు లేకుండా ఒక్కొక్కరికి 10 మీటర్లు టోకు ధరకు వస్తాయి. అదే 10 మీటర్లకు చిల్లర దుకాణంలో 1,500 ఇవ్వాలి.

అయితే ఉమ్మడి కొనుగోళ్ళు చాలాచోట్ల ఎందుకు చెదిరిపోతున్నాయో కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. గుడ్డ తక్కువై కాదు, లెక్క సరిగా లేక చెదిరిపోతున్నాయి. అప్పు లావాదేవీలను వ్రాసుకొమ్మని ఆదేశించిన ఆయతే దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్దది. అయినా “మనలో మనకు కాగితాలెందుకు” అంటాము. కాగితం అనుమానానికి గుర్తు కాదు, స్నేహానికి కాపలా. కనుక ఈ నియమాలు పాటించమని మా విజ్ఞప్తి. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో వ్రాసి సంతకం, చదువు రానివారైతే వేలిముద్ర తీసుకోండి. సొమ్ము ఇద్దరి బాధ్యతలో ఉంచండి. బిల్లు అందరికీ చూపండి. గుడ్డను అందరి సమక్షంలో కొలిచి కోయండి. మరకపడిన భాగం నష్టం ఎవరు భరించాలో కొనడానికి ముందే నిర్ణయించుకోండి. ఎవరికి ఎంత అవసరమో ముందుగా అడిగి, ఆ మొత్తం తానుకు సరిపోయినప్పుడే బజారుకు వెళ్ళండి.

అమ్మకంలో కూడా సంఘమే దారి. తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఆర్డరు సంఘానికి వస్తుంది, విడిగా ఉన్న మిషనుకు రాదు. మన మహల్లాలో ఎందరు సోదరీమణులు అటువంటి సంఘాలలో ఉన్నారు? ఈ లెక్క ఇంటింటికీ తిరిగి మనమే తీయాలి. లేనివారిని చేర్పించాలి, చేర్చుకోకపోతే ఎందుకు చేర్చుకోలేదో వ్రాతపూర్వకంగా అడగాలి.

చివరగా మన టోకు వర్తక సోదరులకు ఒక మాట. మీలో చాలామంది మన జమాఅత్‌లో మనతో భుజం కలిపి నిలబడేవారే. మీరు పరిమాణం షరతు పెట్టడం తప్పని మేము అనము. కాని అమ్ముడుపోని రంగులను మంచి రంగులతో కలిపి సెట్టు కట్టి, “ఇది తీసుకుంటేనే అది” అనడం ఏ కొలత? కొలతలో తక్కువ చేసేవారిని హెచ్చరిస్తూ ‘ముతఫ్ఫిఫీన్’ అనే సూరాయే అవతరించింది. మదయన్ ప్రజలకు షుఐబ్ ప్రవక్త (అ) చేసిన బోధ కూడా తూనికలు, కొలతల గురించే. పదిమంది పేరున వచ్చిన ఒక ఆర్డరును ఒక్క ఆర్డరుగా అంగీకరించండి. మీకు తాను తానుగానే అమ్ముడుపోతుంది, ఆ పది ఇళ్ళకు చిల్లర తేడా మిగులుతుంది. వారంలో ఒక్క రోజు ఉమ్మడి కొనుగోలుకు కేటాయిస్తే మీకు నష్టం లేదు.

ప్రభుత్వం ముందు మేము ఉంచే కోరికలు మూడు. చేతివృత్తుల బస్తీలలో ముడిసరుకు డిపోలు తెరవాలి. గాజుల కార్మికులను వృత్తి పథకాలలో చేర్చాలి. మైనారిటీ ఆర్థిక సంస్థల సహాయాన్ని వ్యక్తులకే పరిమితం చేయక, కలిసి కొనే చిన్న బృందాలకు కూడా అందించాలి. మన ముందు మనం ఉంచుకునే పని ఒకటి. వచ్చే నెల మరల కలిసేనాటికి ప్రతి మహల్లా నుంచి కనీసం ఒక పదిమంది బృందం, ఒక లెక్కల పుస్తకం రావాలి.

“ఇంతకు తక్కువైతే ఇవ్వము” అని బజారు అంటున్నది. “మేము అంతమందిమి ఉన్నాము” అని మనం జవాబివ్వగలగాలి. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.