అక్షరముతో తెరచుకొను తలుపు

(పాఠశాల వార్షికోత్సవ సభలో తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



వేలూరునందును గుడియాత్తమునందును మన బిడ్డల చేతులలో నేడు పుస్తకముకంటె ముందు కనబడునది ఆటయంత్రము. "చదువు చెడుచున్నది, ఏమి చేయుదుము?" అని మిమ్ములను బాధించు ప్రశ్నయే మమ్ములను బాధించుచున్నది. ఎదిరి బలాబలము లెరుగక కత్తి దూయరాదని పెద్దలు చెప్పుదురు. కావున ఆ యాటలలో నొకదానిని శ్రద్ధతో పరిశీలించితిమి. పరిశీలించినకొలది, మన పాఠశాల ఏ పనికొరకు పుట్టినదో ఆ పనినే అదియు వేరొక విధమున చెప్పుచున్నదని తోచినది.

ఆ యాట పేరు పోకెమాన్. జపాను దేశమున 1996 ఫిబ్రవరి 27న మొదట వెలువడినది. దానిని కల్పించిన సతోషి తజిరి చిన్ననాట పురుగులను పట్టుటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ఆ వేడుకనే ఆటగా మలచెను. వింతజంతువులను వెదకుట, పట్టుట, పెంచుట, పోటీకి దింపుట, ఇదియే ఆట.

2002లో వచ్చిన రూబీ, సఫైర్ అను భాగములలో సముద్రగర్భము గుండ పోయి చేరవలసిన మూతబడిన గుహ యొకటి కలదు. దాని గోడలపై నున్నవి అంధులు వ్రేళ్లతో తడవి చదువు బ్రెయిలీ చుక్కలు. బయటి గదిలో అక్షరమాల వరుసగా చెక్కబడియున్నది. అనగా ముందు ఓనమాలు, పిదప పాఠము. ఎదుటి గోడపై త్రవ్వుమను ఆజ్ఞ కలదు. చదివినవాడు త్రవ్వును, దారి యేర్పడును. లోపలి గదిలో రెలికాంత్ అను పురాతన మత్స్యమును జట్టున మొదటను, వేయిలార్డ్ అను తిమింగిలమును చివరను నిలుపుమని వ్రాత. అట్లు చేసినంతనే నేల కంపించి, దూరముననున్న మూడు శిథిలముల ద్వారములు తెరచుకొనును.

అచటను చుక్కలే. ఒకచోట రెండడుగులు కుడికి, రెండడుగులు క్రిందికి నడచి బలము చూపవలెను. ఒకచోట గది నడుమ నిలిచి ఎగురు విద్యను ప్రయోగింపవలెను. మరియొకచోట ఏ మీటయు తాకక రెండు నిమిషములు ఊరక నిలువవలెను. మన పిల్లలు రెండు నిమిషములు కదలక యుండుట మీలో నెంద రెరుగుదురు? అదియు సాధించుచున్నారు! ఎంత బలమైన జంతువులు వెంటనున్నను, చుక్కలు చదువలేనివానికి ఆ గోడ గోడయే. చదివినవానికి తలుపు.

ఆ చుక్కల లిపిని ఫ్రాన్సు దేశీయుడు లూయీ బ్రెయిలీ 1829లో గ్రంథరూపమున ప్రకటించెను. 1951లో భారతి బ్రెయిలీ అను పేరున అది మన దేశభాషలకు ఉమ్మడి లిపియైనది. అందు తెలుగు అకారమునకును తమిళ అకారమునకును ఒక్కటే చుక్క. ఇరుగుపొరుగున నున్న మనకు ఇంతకంటె చక్కని దృష్టాంతము వలయునా?

ఇక ఆలయము సంగతి. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ భాగములలో మంచుదేశమున స్నోపాయింట్ దేవాలయము కలదు. అంతస్తు క్రింద అంతస్తు; నేల మంచుగడ్డ. అడుగిడినచో అడ్డురాయి తగులువరకు జారవలసినదే. కావున అడుగు వేయకముందే దారియంతయు మనస్సున గీచికొనవలెను. అట్టడుగున రెజీగిగాస్ అను మహాకాయుడు శిలవలె నిలిచియుండును. మునుపటి మూడు శిథిలములలోని రెజీరాక్, రెజైస్, రెజీస్టీల్ అను మూడింటిని వెంట తెచ్చినవానికే అతడు మేల్కొనును. రెండు తెచ్చిన చాలదు. మేల్కొన్నను పట్టుట కష్టము: సులభముగ చిక్కు జంతువులకు ఆట యేర్పరచిన అంకె 255, ఇతనికి 3 మాత్రమే. చంపక అలయించి, నిద్రపుచ్చి, ఓర్పుతో మరల మరల ప్రయత్నింపవలెను.

మనకును మూడు కలవు: ఇంట తెలుగు, వీథిని తమిళము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. 2006 నాటి తమిళ బోధన చట్టముచే పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరియై, 2015-16లో పదవ తరగతికి చేరినది. మన మీ నేలపై బ్రదుకువారము. తమిళమును చక్కగ నేర్వవలసినదే. అయిన నందుకై తెలుగును విడువ నక్కరలేదు. భాషాల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించి నడపుకొను హక్కును రాజ్యాంగము 30వ అధికరణమున నిచ్చినది. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెనని 1956లో చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. హక్కు కాగితముపై నున్నది. బిడ్డను తెలుగు తరగతికి పంపవలసినది మాత్రము మీరు.

ఆ రెజీగిగాస్‌నకు ఒక లోపము కలదు. పోరునకు దిగిన తొలి యైదు వంతులు దాని దాడియు వేగమును సగమే, పిమ్మట పూర్ణబలము. మూడు లిపులు మోయు బిడ్డయు తొలి తరగతులలో వెనుకబడినట్లు తోచవచ్చును. తొందరపడి యొక లిపిని మాన్పింపకుడు.

మన వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయమును చూడుడు. కల్యాణమంటపము, యాళి స్తంభములు, గోపురము అన్నియు నిలిచియున్నను, గర్భగుడిలో మూర్తి లేక పూజ లేక చిరకాలము గడచినది. 1981లో స్వామి మరల ప్రతిష్ఠితుడైన పిదపనే దీపము వెలిగినది. ఇంట మాట మిగిలి, వ్రాత పోయిన తెలుగు అట్టి గుడియే. అటకమీది తాతగారి పద్దుపుస్తకము మనుమని చేతికి వచ్చినపుడు, అది వానికి గోడ కావలెనా, తలుపు కావలెనా?

కావున మా విన్నపము స్వల్పము. ఆటను లాగికొనకుడు, హద్దు పెట్టుడు. ఆ గుహ నెట్లు దాటితివో తెలుగున చెప్పుమని బిడ్డ నడుగుడు. చెప్పినదానిని ఆ బిడ్డచేతనే నోటుపుస్తకమున తెలుగున వ్రాయింపుడు. రోజునకు పదునైదు నిమిషములు చాలును. తమకిష్టమైన విషయమును వ్రాయు పిల్లలు తప్పులకు జంకరు. ఆ పుస్తకములను మాకు పంపుడు. దిద్ది యిచ్చుటకు ఉపాధ్యాయులు సిద్ధముగ నున్నారు.