నగరం దాటని ఏడు సీట్లు



పట్టా అందుకున్న మీకు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలకు, పీర్ల పండుగ గురించి నేను చెప్పేదేముంది! గుండం చుట్టూ ఎగిరేటోళ్ల మతమేందని మన ఊళ్లల్ల ఎవరూ అడగరు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాల పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అయితే ఇవి చూపించి మనకు గొడవలే లేవని మురిసిపోవడం నాకు నచ్చదు.

ఆ గొడవల కథా చెప్పుకోవాలి. నిజాం కాలంలో, 1927లో పుట్టిన ముస్లింల పార్టీ మజ్లిస్, బహదూర్ యార్ జంగ్ కాలానికి ప్రతి ముస్లిమూ పాలకుడేనంది. ఖాసిం రజ్వీ చేతిలో రజాకార్ల దండయింది. ఆ దౌర్జన్యాలు మీ ఇళ్లలో కథలుగా వినే ఉంటారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన హత్యాకాండ గురించి మాత్రం తక్కువ విని ఉంటారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికే రాలేదు.

1952లో ఓట్లొచ్చాయి.  తర్వాత కొన్నేళ్లకు అబ్దుల్ వాహిద్ ఒవైసీ అనే వకీలు, 1948 తర్వాత ఆగిపోయిన మజ్లిస్‌ను మళ్లీ లేపారు, ఈసారి రాజ్యాంగం పట్టుకుని. ఆయన కొడుకు సలావుద్దీన్ 1984లో హైదరాబాదు ఎంపీ అయ్యారు. 2009 నుంచి 2023 దాకా నాలుగు శాసనసభ ఎన్నికల్లోనూ ఆ పార్టీకి ఏడేసి సీట్లు. ఏడూ హైదరాబాదులోనే.

మన దిక్కు ఎందుకు లేవు? అక్కడ గల్లీ గల్లీ ఒకే ఓటు. ఇక్కడ ఊరికి పదిళ్లు, ఇరవయ్యిళ్లు. చెదిరిన ఓటుతో సీటు రాదు. కానీ ఆ చెదిరిన ఓట్లు ఎవరికైనా కావాల్సిందే. 2007లో కాంగ్రెస్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు తెచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్ వెనుక ఆ లెక్కా ఉందని నా నమ్మకం. ఆ జాబితాలో అత్తరు సాయిబులున్నారు, రాళ్లు కొట్టే తురక కాశలున్నారు. హైదరాబాదు ఏడు సీట్లకన్నా ఆ జాబితాయే పాలమూరు పల్లె పిల్లలను కాలేజీ గడప ఎక్కించింది. వాళ్లు ఈ హాల్లోనే, మీ పక్క కుర్చీల్లోనే ఉండొచ్చు.

మీకో పని అప్పజెప్తాను. ఈ పీర్లకు ఊరికి పోయినప్పుడు, ఎనభై ఐదు దాటిన అవ్వలిద్దరిని, రెండు మతాల నుంచి ఒక్కొక్కరిని, 1948లో ఏం చూశారో అడిగి రాసుకోండి. త్వరగా పోండి.