లక్సెంబర్గ్ ప్రయాణం - ఆరోగ్య నిబంధనలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా ప్రయాణం సంగతులు మనలో చాలామందికి తెలుసు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా లక్సెంబర్గ్‌లో ఉన్నందున నేనూ మా ఆవిడా అక్కడ రెండు నెలలు ఉండి వచ్చాం. ఆ వివరాలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు.

ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియంల నడుమ ఉన్న ఈ దేశం విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. మన చిన్న జిల్లాల్లో ఒకదానంత! జనాభా ఏడు లక్షల లోపు. అందులో దాదాపు సగంమంది పరదేశీయులే. షెంగెన్ అనేది ఆ దేశంలో మోజెల్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. 1985 జూన్ 14న అక్కడ జరిగిన ఒప్పందం వల్లే మనం తీసుకునే వీసాకు ఆ పేరు వచ్చింది. ఆ వీసాపై 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదు.

టీకా సర్టిఫికెట్లేవీ అడగరు. కోవిడ్ నాటి షరతులు కూడా ఇప్పుడు లేవు. తప్పనిసరిగా కావలసింది ఆరోగ్య బీమా. కనీసం 30,000 యూరోలకు, అంటే సుమారు 30 లక్షల రూపాయలకు, షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లేట్టు, ఉండబోయే రోజులన్నిటికీ ఉండాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, స్వదేశానికి చేర్చే ఖర్చు అందులో రావాలి.

ఇక్కడే మనలాంటి వారు జాగ్రత్త పడాలి. వీసా కోసం పాలసీ కాగితం చూపిస్తే చాలు, వీసా వస్తుంది. కానీ మన బి.పి., షుగరు, గుండె జబ్బు ఆ పాలసీలోకి వస్తాయా అన్నది వేరే సంగతి. చాలా పాలసీలు పాత జబ్బులను మినహాయిస్తాయి, లేదా ప్రాణాపాయ స్థితిలో మాత్రమే కొంత మొత్తం ఇస్తాయి. మాకు పాలసీ అమ్మవచ్చిన ఏజెంటు "ఇవన్నీ ఎవరు చదువుతారండీ" అన్నాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివాను. మా ఆవిడకు పదిహేనేళ్లుగా షుగరు. అందుకే ప్రీమియం ఎక్కువైనా పాత జబ్బులకు వర్తించే పాలసీయే తీసుకున్నాం. ప్రపోజల్ ఫారంలో జబ్బులు దాచవద్దని నా మనవి. దాస్తే క్లెయిము తిరస్కరించడానికి వారికి అదే కారణం అవుతుంది. ఇక్కడి మన హెల్తు కార్డులు అక్కడ పనికిరావు.

మందులు సరిపడా, వాటి అట్టలతో సహా, చేతిసంచిలోనే పెట్టుకోండి. డాక్టరుగారి చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా ఇంగ్లీషులో రాయించండి. నిద్రమాత్రలు వాడేవారికి ఈ చీటీ మరీ అవసరం. యాంటిబయాటిక్ మందులు అక్కడ చీటీ లేనిదే ఇవ్వరు.

నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి యూరపులోకి తీసుకుపోకూడదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే పచ్చి కరివేపాకూ, మామిడిపళ్లూ కూడా కుదరవు. అమ్మాయికి ఇష్టమని మా ఆవిడ కట్టిన నేతి డబ్బా ఇంట్లోనే దించేటప్పటికి తాతలు దిగొచ్చారు!

రాజధాని లోయల మీద కట్టిన నగరం, ఎగుడు దిగుళ్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులవారు భయపడనక్కరలేదు. ప్ఫాఫెంటాల్ లోయ నుంచి పైకి రావడానికి 2016 నుంచి పెద్ద లిఫ్టు ఉంది, ఉచితం. బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు కూడా 2020 మార్చి 1 నుంచి అందరికీ ఉచితం. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు.

అంబులెన్సుకు 112 నంబరు తిప్పాలి. ఆ నంబరునూ, బీమా కంపెనీ నంబరునూ, పాలసీ నంబరునూ ఒక కాగితంపై రాసి, దంపతులిద్దరి జేబుల్లోనూ చెరొకటి ఉంచుకోండి.