వదరింగ్ హైట్స్: ఇల్లు, వైరం, సాక్షులు

పాడుబడిన భవనాలు, వెంటాడే గతం, అంతుచిక్కని భయం అల్లుకున్న కథను ఆంగ్ల సాహిత్యంలో గోథిక్ నవల అంటారు. తొలినాటి రచయితలు తరచుగా ఎంచుకున్న ఇటలీ కోటలను విడిచి, ఎమిలీ బ్రాంటీ 1847లో ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో వెలువరించిన ‘వదరింగ్ హైట్స్’లో ఆ భయాన్ని యార్క్‌షైర్ బీడుభూముల్లో, నిత్యం ఈదురుగాలికి ఎదురొడ్డి నిలిచే ఒక రైతు ఇంట్లో ప్రతిష్ఠించింది.

ఆ ఇంటి యజమాని లివర్‌పూల్ నుంచి తెచ్చి పెంచిన అనాథ హీత్‌క్లిఫ్, యజమాని మరణానంతరం అతని కొడుకు హిండ్లీ చేత పనివాడి స్థాయికి దిగజార్చబడి, ప్రేమించిన కేథరిన్ సంపన్నుడైన ఎడ్గర్ లింటన్‌ను వరించడంతో ఊరు విడిచి, ధనవంతుడై తిరిగివస్తాడు. అతని ప్రతీకారం కత్తితో కాక తనఖా పత్రాలతో, బలవంతపు వివాహంతో సాగి, రెండు కుటుంబాల ఆస్తినీ కబళించడం ఈ నవలలోని అసలైన భీకరత్వం.

సహాయపాత్రల్లో, లేఖనాలు వల్లిస్తూ అందరినీ శపించే ముసలి సేవకుడు జోసెఫ్ కంటే, అద్దెకు దిగిన లాక్‌వుడ్‌కు కథ చెప్పే పనిమనిషి నెల్లీ డీన్ ఎంతో లోతైనది. ఆప్యాయతతో పాటు పక్షపాతం కూడా ఉన్న ఆమె, కొన్ని సంగతులు దాచి, మరికొన్ని చేరవేసి, సంఘటనల గతినే మార్చింది గనుక, పాఠకులు ఆమె మాటను పరీక్షించకుండా నమ్మరాదు.